తొంభై ఏడో సంచి

ఆగస్టు రెండో మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. స్థలం: వాగు ఒడ్డున ఉన్న గ్రామ పంచాయతీ చెత్త షెడ్డు. హాజరైనవారు: పంచాయతీ కార్యదర్శినైన నేను, సఫాయి పని చేసే అక్క, పంచాయతీ ట్రాక్టర్ డ్రైవర్, బస్‌స్టేజీ దగ్గర చాయ్ హోటల్ నడిపే చాచా.

ఆ రోజు డైరీ పేజీ మీద ఇంతే ఉంది. వాన పేరు రాయలేదు. నిజానికి అది మాకంటే రెండు రోజుల ముందే హాజరై ఉంది.

కొత్తగా కార్యదర్శి ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు పాలకుర్తిలో మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి" అని అడుగుతారు. నేను ఈ పేజీ తీస్తాను. మంచి పనీ, తప్పూ రెండూ ఇందులోనే ఉన్నాయి. విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

నాది ముప్పై రెండేళ్ల ఉద్యోగం. భూపాలపల్లి వైపు అడవి పల్లెల్లో మొదలై, మధ్యలో పెద్దవంగర చుట్టుపక్కల తిరిగి, చివరి ఆరేళ్లు జఫర్‌గఢ్ దారిలో ఒక ఊళ్లో గడిచింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అది ఇప్పటికే నా చేతుల మీదుగా చాలా దూరం పోయింది. ఎట్లా పోయిందన్నదే ఈ సంగతి.

ప్రతి ఊళ్లో చెత్త వేరుచేసే షెడ్డు ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ ఏడు మా ఊళ్లో ప్రభుత్వ భూమి కోసం వెతికితే దొరికింది ఒక్క ముక్క, వాగు ఒడ్డున. మే నెల ఎండలో సర్వేయరును తీసుకుని వెళ్లాను. వాగులో చుక్క నీరు లేదు. ఇసుకలోనే బండి ఆపి, అక్కడే నిలబడి ఒడ్డు మీది జాగా చూసి సంతకం పెట్టాను. సిమెంటు స్తంభాలు, పైన రేకులు, మూడు వైపులా నడుమెత్తు గోడలతో షెడ్డు లేచింది. కొబ్బరికాయ కొట్టిన రోజు సఫాయి అక్క నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"ఎండకాలం సూసి కట్టిచ్చిండ్రు సారు. వానకాలం ఒకపారి వచ్చి సూడుండ్రి."

నేను నవ్వాను. ఆ నవ్వు డైరీలో రాసుకోలేదు గాని బాగా గుర్తుంది.

అక్కకు అప్పటికే యాభై దాటాయి. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఏ వాడలో ఎవరింటి ముందు ఏ చెత్త పడుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంటివాళ్లకే తెలియదు. ఒకరోజు మండల ఆఫీసులో మాకు శిక్షణ ఇచ్చారు. తెర మీద సముద్రం చూపించారు, మెడకు ప్లాస్టిక్ చుట్టుకున్న తాబేలును చూపించారు. ఊరికి వచ్చి గ్రామసభలో నేనూ అదే చెప్పాను. వెనక నిలబడ్డ డ్రైవర్ ఊరుకోలేదు.

"సముద్రం ఏడున్నది సారు, మనమేడున్నం? బస్సుల పోతెనే ఒక దినం పడతది."

సభంతా నవ్వింది. అక్క ఒక్కతే నవ్వలేదు.

"మన వాగు యాడికి పోతది సారు?" అని అడిగింది.

ఆమె చీపురులోంచి ఒక పుల్ల తీసుకుని నేల మీద గీసి చూపించాను. మా వాగు ఆకేరులోకి, ఆకేరు మున్నేరులోకి, మున్నేరు కృష్ణలోకి, కృష్ణ సముద్రంలోకి. ఆమె ఆ గీతను కొసదాకా చూసింది.

"అంటే మనం ఈడ ఇడిసిపెడితే ఆడ తేల్తదన్నట్టు" అని, డ్రైవర్ వైపు తిరిగింది. "బస్సు లేకున్నా పోతదిరా తమ్మీ. దానికి టికెటు గూడ అడగరు."

ఊళ్లో పని మొదలైంది ఆ మాటతోనే. నా ఉపన్యాసంతో కాదు.

మొదటి పోరు చాయ్ హోటల్ దగ్గర. చాచా వేడి చాయ్‌ని పల్చటి కవర్లలో పోసి, మూతి ముడేసి పార్సిల్ ఇచ్చేవాడు. ఆపమంటే నా మీద లేచాడు. "కవరు లేకుంటే చేతులల్ల పోయల్నా సారు చాయ్?" అన్నాడు. మర్నాడు పొద్దున అక్క ఇంటినుంచి స్టీలు చెంబు తెచ్చి గల్లా పెట్టె పక్కన ఠంగున పెట్టింది. "గిండ్ల పొయ్యి చాచా. రేపటిసంది అందరు గిట్లనే వస్తరు." అందరూ రాలేదు. పదిమంది వచ్చారు, తర్వాత ఇరవైమంది. రెండు నెలల తర్వాత చాచాయే గోడ మీద రాయించాడు, గిన్నె తెస్తేనే పార్సిల్ అని. అట్లా రాయించాలన్న ఆలోచన తనదేనని ఇప్పటికీ అంటాడు.

పెండ్లిళ్లకూ తద్దినాలకూ మహిళా సంఘం వాళ్లు స్టీలు పళ్లేలు, గ్లాసులు కొని పాత పంచాయతీ గదిలో ఉంచారు. ఎవరింట్లో కార్యం ఉంటే వాళ్లు తీసుకుపోయి, కడిగి తెచ్చిపెట్టాలి. ఆదివారం కోడికూరకు జనం గిన్నె పట్టుకుని పోవడం అలవాటైంది. అన్నిటికంటే కష్టమైంది పత్తి చేలల్లో మందు డబ్బాలు. కొట్టడం అయిపోగానే వాగులో కడిగి అక్కడే విసిరేవాళ్లు. వాటిని చేను గట్టున ఒక పక్కగా పెట్టించి, విడిగా తెప్పించడానికి రెండు పంట కాలాలు పట్టింది.

నన్ను సిగ్గుపరిచింది మాత్రం పాల ప్యాకెట్టు. ఒకరోజు అక్క గుప్పిట తెరిచి చూపించింది. చిన్న చిన్న మూడు మూలల ముక్కలు, ప్యాకెట్ల కొసలు.

"ఇగో సారు, గివి చీపురుకు దొరకయి. సందులల్లకెళ్లి జారి మోర్ల పడతయి, మోరీలకెళ్లి వాగుల పడతయి. కొస పూరా తెగ్గొయ్యొద్దు. జర కోసి, అట్లనే వేలాడనియ్యాలె."

"ఎవరింటి ముందువి ఇవి?"

"ఆఫీసుల చాయ్ పెట్టేది ఎవరు సారు?"

ఆఫీసులో పొద్దున్నే పాలు కాచేది నేను. ఆ రోజు నుంచి నేను కొస తెంపలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నా తెంపడం లేదు. మీరు నా దగ్గర ఇంకేమీ నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి. కత్తెరకు పెద్ద కష్టమేం లేదు.

ఇట్లా రెండేళ్లు ఊరు నిజంగానే మారింది. మారిన కొద్దీ షెడ్డు నిండింది. సీసాలు, డబ్బాలు కొనేవాళ్లు ఉన్నారు. పల్చటి కవర్లు, చిప్సు ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు ఎవరికీ వద్దు. ఒక కంపెనీ వాళ్లు తీసుకుంటామన్నారు గాని, లారీ నిండా ఉంటేనే వస్తామన్నారు. అందుకని ఖాళీ యూరియా సంచుల్లో కూరి, సుతిలితో మూతి కట్టి పేర్చాం. నా పద్ధతి నాది కదా. రేకు మీద అక్షరాలు కోయించి, ప్రతి సంచి మీదా ఎర్ర రంగుతో ఊరి పేరూ, నంబరూ అద్దించాను. రిజిస్టరులో నంబరు, తేదీ, ఏ వాడ నుంచి వచ్చింది, అన్నీ రాశాను. ఇతర ఊళ్ల కార్యదర్శులు వచ్చి చూసిపోయేవాళ్లు. ఆ జూన్ నాటికి సంచులు నూట పద్దెనిమిది. లారీ మాత్రం రాలేదు.

ఇప్పుడు డైరీలో మూడు ముక్కలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

జూన్ రెండో వారం: "సంచులు ఎత్తు మీద ఉన్న పాత పంచాయతీ గదికి మార్చమని అక్క అంటోంది. చూడాలి."

జూలై మొదటి వారం: "అక్క మళ్లీ అడిగింది. రిజిస్టరు సరిచూశాక."

జూలై చివరి వారం: "సరిచూడాలి."

ఏమిటా సరిచూడటం అంటే, రిజిస్టరులో అరవై రెండో నంబరు రెండుసార్లు పడింది, ఎనభై ఐదు ఎక్కడా లేదు. అది తేలకుండా సంచులు కదిపితే అంతా కలగాపులగం అవుతుందని నా భయం. అదే అక్కతో అన్నాను.

"వాగు లెక్క జూస్తదా సారు?" అంది.

సోమవారమంతా వాన ఆగలేదు. మంగళవారం ఆరు గంటలకు అక్క ఫోన్. "సారు, పై చెరువు నిండి మత్తడి దుంకుతున్నది. వాగు షెడ్డు మెట్ల కాడికచ్చింది. జెల్ది రాండ్రి." రెయిన్‌కోటు సరిగా తొడుక్కోకుండానే బయల్దేరాను. దారి పొడుగునా నా కళ్ల ముందు ఒకటే, నేల మీద చీపురు పుల్లతో గీసిన గీత.

నేను చేరేసరికి వాగు రంగు మారి ఉంది. చాయ్ రంగు నీళ్లు సుడులు తిరుగుతూ, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. డ్రైవర్ ట్రాక్టర్ తెచ్చాడు. చాచా హోటల్ మూసి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు.

"నువ్వెందుకు చాచా వానల?" అన్నాను.

"గండ్ల సగం నా దుకాణం కవర్లే సారు. నాయి నేను మోస్త."

నేను మొదట చేసిన పని సంచి ఎత్తడం కాదు. ఇటుక ముక్క తీసుకుని, నీళ్లు ఉన్నచోట షెడ్డు మెట్ల పక్కగోడ మీద గీత గీశాను, పక్కన టైము రాశాను. ఏడూ పది. ఏడున్నరకు రెండో గీత, నాలుగు వేళ్ల పైన. మూడో గీతకు వంగుతుంటే డ్రైవర్ అరిచాడు.

"గీతలు తర్వాత గీద్దువు గాని సారు, గీ సంచి పట్టు!"

పట్టాను. మొదటి ట్రిప్పులో ముప్పై నాలుగు సంచులు పాత పంచాయతీ గదికి చేరాయి. రెండో ట్రిప్పులో ముప్పై ఒకటి. ఇంకో రెండు ట్రిప్పులు చాలు. వాగు పెరిగే తీరు చూస్తే సమయం ఉందనే అనుకున్నాం. మూడోసారి వస్తుంటే షెడ్డు దారిలో ట్రాక్టర్ వెనక చక్రాలు బురదలో సగందాకా దిగిపోయాయి. డ్రైవర్ ముందుకు ఉరికించాడు, వెనక్కి తీశాడు. దిగినకొద్దీ దిగింది. టైరు కింద రాళ్లు వేశాం, మట్టలు వేశాం. అప్పటికి పది దాటింది. నీళ్లు మెట్లు దాటి షెడ్డు నేల మీదకు వచ్చాయి.

ఇక చేతుల మీదనే మోయాలి. షెడ్డు నుంచి రోడ్డు కట్టకు నూరు అడుగులు. అక్క లోపలినుంచి సంచులు అందిస్తే, మేం ముగ్గురం కట్ట మీద వేసి వస్తున్నాం. ఇరవై రెండు వేశాం. నేను ఒక్కొక్కటీ మనసులో లెక్కపెడుతున్నాను, లోపల ముప్పై ఒకటి ఉన్నాయి. ఆ ముప్పై ఒకటీ వాగులో పడితే? రెండేళ్లు ఊరు ఊరంతా వంగి ఏరింది, కవరు వదిలి గిన్నె పట్టింది, నా మాట నమ్మి చేసింది.

అప్పుడు షెడ్డు వెనక దబ్బుమని శబ్దం. ఒడ్డు మట్టి పెళ్ల ఒకటి విరిగి వాగులో పడింది. వెనక గోడ మీద పైనుంచి కిందికి బీట తెరిచింది. అక్క మోకాళ్లు దాటిన నీళ్లలో ఉంది.

"బయటికి రా అక్కా!"

"ఇంకో నాలుగు సారు!"

"వద్దు. ఇడిసిపెట్టి రా."

"మూలకున్నయి, అందుతున్నయి!"

కట్ట మీదినుంచి చాచా గొంతు చించుకుంటున్నాడు. "అరే బేటీ, ఛోడ్‌దే! బయటికి రా బిడ్డా!"

ఆమె వినలేదు. తేలుతున్న సంచి ఒకటి రెండు చేతులతో కావలించుకుని, ఇంకోదాని కోసం మూలకు తిరుగుతోంది. మూలకు తిరిగితే ఆ బీటవారిన గోడ పక్కకే పోవాలి. నీళ్లు తొడల దాకా వచ్చాయి. నేను లోపలికి దిగాను. ఆమె చేతుల్లోని సంచి పట్టుకుని గుంజాను. ఆమె వదల్లేదు. ఇద్దరం ఒక సంచి కోసం వరదలో గుంజులాడుకున్నాం, నవ్వకండి, అట్లాగే జరిగింది. చివరికి నా చేతికి వచ్చింది. ఎర్ర అక్షరాలు నా వైపే ఉన్నాయి. ఊరి పేరు, కింద తొంభై ఏడు. దాన్ని గోడ మీదుగా ఎత్తి వాగులోకి విసిరేశాను.

అది ఒకసారి మునిగి, పేరు పైకి వచ్చేలా తిరిగి, పోయింది.

అక్క నన్ను చూసిన చూపు నేను ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. వాగులో కవరు వేయొద్దని రెండేళ్లు ఊరందరికీ చెప్పిన మనిషి, ఆమె కళ్ల ముందే సంచికి సంచి వేశాడు. చేతులు ఖాళీ అయ్యాయి కాబట్టి బయటికి వచ్చింది.

మేం కట్ట ఎక్కిన కొద్దిసేపటికి వెనక గోడ కూలింది. రేకులు వంగాయి. మిగిలిన ముప్పై సంచులు ఒకదాని వెనక ఒకటి, తొందరేమీ లేనట్టు బయటికి వచ్చి వాగు ఎక్కాయి. ఎర్ర నంబర్లు కొంత దూరం దాకా చదవడానికి వచ్చాయి.

"టికెటు లేకుండనే పోతున్నయి అక్కా" అన్నాడు డ్రైవర్, చాలా మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

వీధుల్లోనే వదిలేసి ఉంటే ఆ చెత్త కొంత కంచెలకు చిక్కేది, కొంత మట్టిలో కూరుకుపోయేది. మేం ఇంటింటా ఏరి, మూతి కట్టి, పేరు రాసి, వాగు చేతికి అందేచోట పెట్టాం. అలవాటు మార్చుకోవడం ఊరి పని, ఊరు చేసింది. ఏరినదాన్ని ఎక్కడ పెట్టాలో చూడటం నా పని. మీకు చెప్పదలచుకున్నది ఇదే. మీ ఊళ్లో మీరు షెడ్డుకు జాగా చూసేటప్పుడు ఆగస్టులో చూడండి.

ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని పై అధికారికి నివేదిక చిత్తుప్రతి రాశాను. రిటైర్మెంటుకు ఇంకా ఏడున్నర నెలలు. జాగా ఎవరు చూశారు, సంతకం ఎవరిది అని అడుగుతారు. సర్వీసు మొత్తంలో ఒక్క మెమో లేదు నాకు. "అకస్మాత్తుగా వచ్చిన వరద వల్ల" అని మొదలుపెట్టాను. టేబులు మీద నా డైరీ ఉంది. జూన్ పేజీ తెరవకుండా దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. చిత్తుప్రతి మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో పందొమ్మిది సంచులు దొరికాయి. పన్నెండు దొరకలేదు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. మెమో వచ్చింది, తీసుకున్నాను. షెడ్డును ఎత్తు జాగాకు మార్చారు, ఒక రైతు తన గడ్డి చేను పక్కన ముక్క ఇచ్చాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు. నాకు ముఖ్యమైంది ఆ మరునాటి ఉదయం.

బుధవారం ఆరూ ఇరవై. వాన ఆగింది. ఇంకో ట్రాక్టర్ తెచ్చి మా ట్రాక్టర్‌ను బురదలోంచి గుంజుతుండగా నా ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సెక్రటరీ సారేనా? నేను వాగు కింది ఊరోన్ని. మీ ఊరి పేరు రాసున్న సంచి మా పత్తి చేన్ల పడ్డది. నలభై ఒకటి అని నంబరు గూడ ఉన్నది. ఏంది గిది? మీ చెత్త మాకు పంపుతున్నరా?"

పక్కనే ఉన్న డ్రైవర్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "కావని చెప్పు సారు. వరదల ఎవనివో ఏమెరుక."

జేబులో చిత్తుప్రతి తగులుతోంది.

"మావే అన్నా" అన్నాను. "వస్తున్నం."

ఎనిమిది లోపల ఇంకో మూడు ఫోన్లు వచ్చాయి. పన్నెండు, డెబ్బై, నూట నాలుగు. రాసుకోవడానికి చేతిలో ఇంకో కాగితం లేక ఆ చిత్తుప్రతి వెనకే నంబర్లు రాసుకున్నాను. ఇక దాన్ని పంపడానికి లేకుండా పోయింది. అక్క ట్రాలీ ఎక్కి కూర్చుంది. నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు, అప్పుడు మాట్లాడింది.

"పేరు రాసుడు మంచిగనే అయింది సారు. లేకుంటే మనయి గావనేటోళ్లం."

కింది ఊరి చేలో నలభై ఒకటి పత్తి సాళ్ల మధ్య పడి ఉంది, మూతి కట్టు ఊడలేదు. వాగు ఒడ్డు తుమ్మ కంపలకు మనిషి ఎత్తున చిరిగిన కవర్లు వేలాడుతున్నాయి. వేరే సంచి ఏదో పగిలింది. బురదలో పాల ప్యాకెట్ల పాత కొసలు తెల్లగా మెరుస్తున్నాయి. తీస్తే వేళ్ల మధ్య నుంచి జారిపోతున్నాయి. ఫోన్ చేసిన రైతు నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు మమ్మల్ని చూశాడు. తర్వాత చేను కొట్టంలోకి పోయి రెండు ఖాళీ సంచులు తెచ్చి అక్కకు ఇచ్చాడు.

నేను గట్టు మీద కూర్చుని రిజిస్టరు తెరిచాను. మిగిలిన సంచులను ముందురోజు రాత్రే సరిచూసుకున్నాను. పోయిన ముప్పై ఒక్క నంబర్ల ఎదురుగా చివరి గడిలో "వరద" అని రాయడం మొదలుపెట్టాను. అక్క కంప నుంచి కవరు తీస్తూ వెనక్కి తిరిగింది.

"ఏం రాస్తున్నరు సారు?"

"వరదల పోయినయని."

"అన్నిటికా?"

"అన్నిటికి."

"తొంభై ఏడు వాగు తీస్కపోలె సారు. అది మీరేసిండ్రు. గట్లనే రాయుండ్రి."

"నేను అది ఏసినందుకే కద అక్కా, నువ్వు పానంతోని బయటవడి గిప్పుడు నాతోని కొట్లాడుతున్నవు."

ఆమె చేతిలోని కవరును సంచిలో కుక్కి, మళ్లీ కంప వైపు తిరిగింది.

"అయితే గది గూడ రాయుండ్రి."

రాశాను. ఆ గడి చిన్నది. పట్టించడానికి అక్షరాలు చిన్నవి చేయవలసి వచ్చింది.

"97: కార్యదర్శి చేతితో వాగులో వేయబడింది. అక్క బయటికి వచ్చింది."

కింద సంతకం పెట్టి, టైము వేశాను. తొమ్మిదీ ఐదు.